కడగకూడని స్పాంజి

నేను ఒక స్పాంజిని. చేపల తొట్టిలో మూలన కూర్చుని, గాలి మోటారు లాగే నీళ్ళను వడగట్టడం నా పని. చూడటానికి నల్లగా, పిడికెడంత ఉంటాను. నన్ను మురికి పట్టే గుడ్డ అనుకుంటారు జనం. అయ్యో, అదే నిజమైతే ఈ కథే ఉండేది కాదు!

కాకినాడలో ఒక చేపల కొట్టు నుంచి నన్ను, గాజు తొట్టిని, మూడు బంగారు చేపల్ని తాయారు ఒకేరోజు కొని తెచ్చింది. ఆమె భర్త వీర్రాజుకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. కదిలేవాటిని చూస్తుంటే మనిషికి ఉత్సాహం వస్తుందని ఎవరో చెప్పారట. మంచానికి ఎదురుగా బల్ల వేసి, తొట్టి పెట్టి, పంపు నీళ్ళు నింపి, ఆ సాయంత్రమే చేపల్ని వదిలేసింది.

కొత్త తొట్టిలో చేపలు విసర్జించేది విషమవుతుంది. ఆ విషాన్ని తినే కంటికి కనపడని ప్రాణులు నా రంధ్రాల్లో చేరి కాపురం పెట్టాలి. అందుకు ఐదారు వారాలు పడుతుంది. అంతదాకా మేత చిటికెడే వెయ్యాలి, క్లోరిన్ పోయేలా ముందురోజే పట్టి ఉంచిన నీళ్ళతో తొట్టిలో కొంత మార్చాలి, నన్ను మాత్రం పంపు కింద పెట్టకూడదు. వీర్రాజుకి ఇదంతా తెలుసు. ఉప్పాడ దగ్గర రొయ్యపిల్లల్ని పొదిగించి పెంచే హేచరీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. తెలిసినవాడికే నోరు లేదు, ఏం చెప్పను!

తాయారుది శుభ్రం పిచ్చి. ప్రతి శుక్రవారం గడప మొదలు గచ్చు దాకా కడిగేది. ఆ వరసలో నన్నూ పంపు కింద పెట్టి, సబ్బు రాసి, తెల్ల నీళ్ళు వచ్చేదాకా పిండేది. అప్పుడప్పుడే నాలో చేరినవాళ్ళందరూ ఆ ఒక్క పిండుడుతో కాలవలో కలిసేవారు. వీర్రాజు ఎడమచేత్తో మంచం పట్టె మీద కొడుతూ "ఊ... ఊ..." అని అరిచేవాడు.

"తళతళలాడిపోతుంది కదండీ! నచ్చిందా?" అని మురిసిపోయేది తాయారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

రెండో వారంలో ఒక చేప నీటిపైకి వచ్చి నోరు తెరుచుకుని కొట్టుకుని చచ్చిపోయింది. మురికి వల్లేనని తాయారు వారానికి రెండుసార్లు కడగడం మొదలుపెట్టింది. రెండోదీ పోయింది. మూడోదాని రెక్కల్లో ఎర్రటి గీతలు లేచాయి.

తర్వాతి శుక్రవారం నన్ను పట్టుకుని మంచం పక్కనుంచి వెళ్తుంటే, వీర్రాజు ఎడమచెయ్యి చాచి నన్ను లాక్కున్నాడు. గుండెకు అదుముకున్నాడు. బనీను మీద గోధుమరంగు నీళ్ళు కారుతున్నా వదల్లేదు. కళ్ళమ్మట నీళ్ళు.

తాయారు నిలబడిపోయింది. "కడగొద్దంటారా?"

ఆయన తల ఊపాడు.

"అయ్యయ్యో! ఇన్నాళ్ళూ ఇదేనాండీ చెప్తున్నారు? నేనేమో నచ్చిందనుకున్నాను. మట్టిబుర్ర నాది!" అని నెత్తి కొట్టుకుంది.

ఆనాటినుంచి ఆయన వేళ్ళతో చూపించేవాడు, ఆమె చేసేది. ఎన్ని చెంబులు తియ్యాలో, ఎంత మేత వెయ్యాలో. తప్పు చేస్తే కసురుకునేవాడు కూడా, మాట లేకుండానే. నలభై రోజులకు నేను జిగటగా, నిండుగా తయారయ్యాను. నా జన్మలో నేను గర్వపడింది అప్పుడే. చేప రెక్కలు మళ్ళీ తేటపడ్డాయి. అది అటూ ఇటూ ఈదుతుంటే ఆ మంచం దగ్గర ఇద్దరూ నవ్వుకునేవారు.

తర్వాత వీర్రాజుకి రెండోసారి పక్షవాతం వచ్చింది. తెల్లారేసరికి పోయాడు.

శవం గడప దాటగానే, మైల ఇంట్లో నిలవున్న నీళ్ళు ఉండకూడదని ఆయన అక్క సత్యవేణి బిందెలు, బకెట్లు అన్నీ పారబోయించింది. చేపని గిన్నెలోకి తీసి తొట్టినీ బోర్లించింది. నన్ను చేతిలోకి తీసుకుని "ఛీ, ఎంత జిగురో!" అంది. మూలన కూర్చోబెట్టిన తాయారు చెయ్యెత్తింది. గొంతు పెగల్లేదు.

"నువ్వు కదలకే తాయారూ, నేను చూసుకుంటాగా" అని సత్యవేణి నన్ను బ్లీచింగు నీళ్ళలో నానబెట్టి మరీ ఉతికింది. ఆవిడ చెడ్డది కాదు. అదే నా బాధ. తొట్టి నిండా పంపు నీళ్ళు నింపి, గిన్నెలో ఉంచిన చేపని తిరిగి వదిలింది.

మర్నాడే అది నీటిపైకి వచ్చింది. ఎవరేమంటున్నా వినకుండా తాయారు మూలనుంచి లేచి, నిలవపెట్టిన నీళ్ళు పూటపూటా మార్చింది. నాలుగో రోజు పొద్దున చేప పక్కకి ఒరిగి తేలింది.

"అంత శుభ్రంగా కడిగాను, ఎలా చచ్చిందే?" అని సత్యవేణి నిజంగానే ఆశ్చర్యపోయింది.

"మీ తమ్ముడుంటే కడగనిచ్చేవారు కాదు వదినా. మాట లేకపోయినా ఆపేవారు. నాకు నోరుండీ ఆపలేకపోయాను" అంది తాయారు. భర్తని తీసుకెళ్ళినప్పుడు బొట్టు కన్నీరు రాల్చనిది, ఇప్పుడు తొట్టి పట్టుకుని గొల్లుమంది.

మోటారు ఆపేశారు. నన్ను పిండి కిటికీ ఊచకి తగిలించారు. ఎండకి ఆరి గట్టిపడ్డాను. నాలో ఇప్పుడు ఏ ప్రాణీ లేదు, చాలా శుభ్రంగా ఉన్నాను.