చిట్టి బిగించిన కూలరు

మామయ్యకు గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టరు గట్టిగా చెప్పిన మాట ఒక్కటే, మధ్యాహ్నం కాసేపు తప్పకుండా నిద్రపోవాలని. ఆ ఇంట్లో ఉన్నవి రెండు గదులు. వెనక గదిలో గాలాడదు, ఆయనకు ఆయాసం వస్తుంది. అందుకని ముందు గదిలో మంచం వేశారు. ఆ మంచం పక్కనే కోడలి కంప్యూటరు.

కోడలిది బొమ్మలకు కదలిక తెప్పించే పని. బడిపిల్లల సైన్సు పాఠాలకు చిన్న చిన్న వీడియోలు చేస్తుంది. గీసిన బొమ్మలన్నిటినీ వీడియోగా మార్చమని కంప్యూటరుకు అప్పగిస్తే అది గంటల తరబడి కాగిపోతుంది, లోపలి ఫ్యాను పిండిమరలా మోత పెడుతుంది. ఆ మోత మొదలవగానే మామయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయట మెట్ల మీదికి వెళ్ళిపోయేవారు. "లోపల ఉక్కగా ఉందమ్మా" అనేవారు. బయట ఇంకా ఉక్కగా ఉండేది.

ఆయన కూతుర్ని అందరూ చిట్టి అంటారు. పళ్ళు కట్టే ల్యాబులో పని. డాక్టర్లు పంపిన అచ్చుల్ని బట్టి పళ్ళకు తొడుగులు తయారుచేస్తుంది. ఒకరోజు ఆమె ఫోనులో అన్నయ్యతో, "ఆ మిషను గోలకి నాన్నకి కునుకు లేదు, వదినకి పట్టదా?" అనడం కోడలి చెవిన పడింది. కోడలు దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. కంప్యూటరును మోత లేకుండా నీళ్ళతో చల్లబరిచే కూలరు ఒకటి తెప్పించింది. తీరా డబ్బా ఇంటికి వచ్చిన మర్నాడే బాత్రూములో జారిపడి కుడి మణికట్టు విరిగింది. భర్త బస్సు డ్రైవరు. ఇంజనంటే బెదరడు గానీ కంప్యూటరు మూత తియ్యమంటే చెమటలు పడతాయి. డబ్బా మంచం కిందికి చేరింది.

ఒక ఆదివారం చిట్టి తండ్రిని చూడటానికి వచ్చింది. ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. లోపలికి వెళ్తే వదిన కంప్యూటరును నేల మీద పడుకోబెట్టి, ఎడం చేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని కుస్తీ పడుతోంది.

"ఏం చేస్తున్నావు వదినా?"

"కూలరు మారుద్దామని."

"ఎడం చేత్తోనా?"

"కుడిది సెలవు పెట్టింది."

చిట్టి సంచి పక్కన పడేసి, చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా చతికిలబడింది. "ఇటివ్వు. నాకు కంప్యూటరు సంగతి తెలీదు. నువ్వు చెప్తూ ఉండు, నేను చేస్తాను."

మూత తీశాక పాత ఫ్యాను రాలేదు. దాని కింద వేడిని లాగడానికి పూసిన పేస్టు ఎండి అతుక్కుపోయింది. "లాగొద్దు, కొంచెం కొంచెం తిప్పు" అంది వదిన. చిట్టి పంటి తొడుగు ఊడదీసినంత ఒడుపుగా అటూ ఇటూ తిప్పి తీసింది. స్పిరిట్ అద్దిన దూదితో ఫ్యాను కింద ఉండే ప్రాసెసర్ చిప్పు మీది మరకలు తుడిచింది. కొత్త కూలరుకు ఒక వెడల్పాటి రేడియేటరు, రెండు నల్లటి గొట్టాలు, వాటి చివర గుండ్రటి పంపు ఉన్నాయి. నీళ్ళు ముందే నింపి మూసేసి ఉంటాయి. రేడియేటరును కంప్యూటరు పెట్టె పైభాగంలో పెట్టి చూశారు. కింద ఏదో తగిలింది. ముందు వైపుకి మార్చి, దాని పెద్ద ఫ్యాన్లతో సహా బిగించారు.

"ఇప్పుడు పేస్టు. బఠాణీ గింజంత చాలు."

"మా పళ్ళ తొడుగుల సిమెంటూ అంతే. ఎక్కువైతే పక్కలకి పొంగుతుంది."

చిట్టి ప్రాసెసర్ మీద పేస్టు పెట్టి, పంపును దాని మీద కూర్చోబెట్టి, నాలుగు మూలలా స్క్రూల్ని ఎదురెదురుగా కాస్త కాస్త బిగించింది. వదిన చూస్తూ ఉండిపోయింది. తన రెండు చేతులూ బాగున్నా అంత నేర్పుగా చేసి ఉండేది కాదనుకుంది.

స్విచ్ వేశారు. తెర మీద వేడిని చూపే అంకె చకచకా పైకెక్కింది. కంప్యూటరు టక్కున ఆగిపోయింది.

చిట్టి ముఖం పాలిపోయింది. "పాడుచేసేశానా వదినా? నీ అన్నం పెట్టే మిషను."

"ఉండు, కంగారుపడకు. చల్లారనిచ్చి మళ్ళీ విప్పు."

విప్పి పంపును తిరగేస్తే సంగతి తెలిసింది. అడుగున ఉన్న రాగి పలకకు పల్చటి ప్లాస్టిక్ పొర అంటుకునే ఉంది. బిగించేముందు దాన్ని ఒలిచెయ్యాలి.

వదిన నుదురు కొట్టుకుంది. "నేనే చెప్పడం మర్చిపోయాను. నీ తప్పేం లేదు."

"నేనూ చూడలేదుగా" అంది చిట్టి, ఊపిరి తీసుకుని. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

పొర ఒలిచి, తుడిచి, మళ్ళీ పేస్టు పెట్టి బిగించారు. ఈసారి లోపల గుటగుటమని నీళ్ళు కదిలిన చప్పుడై, కాసేపటికి అదీ సద్దుమణిగింది. వదిన పొద్దున మధ్యలో ఆపిన వీడియో పని మళ్ళీ మొదలుపెట్టింది. వేడి అంకె కొంచెం పెరిగి ఒకచోట నిలబడింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో వంగి చూస్తే తప్ప తెలియలేదు.

మామయ్య గుమ్మంలోంచి తొంగిచూశారు. "పని అయిపోయిందా అమ్మా?"

"లేదు మామయ్యా, నడుస్తోంది."

ఆయన నమ్మలేదు. వచ్చి పెట్టె వెనక చెయ్యి పెట్టి, వెచ్చటి గాలి తగిలాక తలూపారు. "బంగారు తల్లివి" అని కోడలితో అంటే, ఆమె చిట్టి వైపు చూపించింది. ఆయన ఇద్దరి తలలూ నిమిరి మంచమెక్కారు. కాసేపట్లో సన్నగా గురక వినిపించింది.

తండ్రి వైపే చూస్తూ చిట్టి గొంతు తగ్గించి అంది. "నాన్న కోసమా వదినా ఇదంతా? నేను అన్నయ్యతో ఏవేవో అన్నాను."

"విన్నాను. నిజమేగా, ఆయనకి నిద్ర లేదు. నువ్వు రాకపోతే ఈ డబ్బా ఇంకా మంచం కిందే ఉండేది. ఎలా చెప్పాలో తెలీట్లేదు చిట్టీ, చాలా సాయం చేశావు."

చిట్టి తెర వైపు తిరిగింది. అక్కడ చిక్కుడు గింజ ఒకటి మట్టిలో పగిలి తెల్లటి వేరు చాస్తోంది. ఇన్నేళ్ళలో వదిన చేసే పనిని ఆమె చూడటం అదే మొదటిసారి. "ఇది నువ్వే గీశావా?" అని అడిగి, ఆకు విచ్చుకునేదాకా చూసింది.

తర్వాత వదిన జుట్టు మీద పడింది ఆమె చూపు. ఒంటి చేత్తో చుట్టిన ముడి, సగం ఊడి వేలాడుతోంది. చిట్టి దువ్వెన తెచ్చి వెనక కూర్చుంది. "కదలకుండా ఉండు" అని చిక్కులు తీసి, నెమ్మదిగా జడ అల్లడం మొదలుపెట్టింది. వదిన కళ్ళు చెమర్చాయి. తల తిప్పకుండా అలాగే కూర్చుంది.