మంచు పడేలోపు వస్తుంది

జోలీన్ కెనడా నుంచి సరిహద్దు దాటి మోంటానాలోని ఇల్లు చేరేసరికి డెబ్బై రెండేళ్ళ ఫిలోమిన్ అమ్మమ్మ పొయ్యి మీద బెర్రీల జావ కలుపుతోంది. ఆ సాయంత్రం పోయినవాళ్ళకు పెట్టే విందు. ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్ళ వంతు తిండి నిప్పుకు ఇస్తారు. ఆ ఇంట్లో ఒక్క మనిషిని మాత్రం ఎన్నడూ పిలవలేదు.

మేనమామ లెస్టర్ గుమ్మంలోనే పట్టుకున్నాడు. "ఏమ్మా కాలేజీ, సరిహద్దు దగ్గర ఏమడిగారు?"

"ఏం తెస్తున్నావన్నారు. మా ముత్తవ్వ వాళ్ళమ్మని, అన్నాను."

"ఎన్నాళ్ళుంటుందని అడగలేదూ?"

"నవ్వులు చాల్లే, కట్టెలు తేరా," అని అమ్మమ్మ కసిరింది.

ముత్తవ్వ ఇసబెల్ అమ్మమ్మకు తల్లి. ఆమెకు పదకొండేళ్ళప్పుడు, పద్దెనిమిది వందల తొంభై ఆరులో, అమెరికా సైనికులు మోంటానాలో దొరికిన తమ క్రీ తెగ జనాన్ని దొరికినట్టు రైలెక్కించి కెనడాలో దింపేశారు. ఆ రోజు ఇసబెల్ పిన్నితో వాగు పక్కన బెర్రీలు కోస్తోంది. తిరిగొచ్చేసరికి గుడారం ఖాళీ. తల్లి మళ్ళీ రాలేదు. "మా అమ్మకు బరువైపోయాను," అని ఇసబెల్ చచ్చేదాకా అనుకుంది.

చిన్నప్పుడు జోలీన్ పొగ వాసన వేసే తోలు మీద పడుకుని ఈ కథ విన్నప్పుడల్లా, "ఆవిడ పేరేంటి?" అని అడిగేది. తోలు చెప్పులకు పూసలు కుడుతున్న అమ్మమ్మ దారం పంటితో తెంపి, "తెలీదు. తెలిసినా పిలవను," అనేది. ఆ పూసల చెప్పులు అమ్మిన డబ్బుతోనే జోలీన్‌ను చదివించింది. ఆ ఇంట్లో డిగ్రీ ముఖం చూసింది జోలీనే. ఆ చదువుతో అమ్మమ్మకు తిరిగి ఏమివ్వాలో ఆమెకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

కెనడాలోని దస్తావేజుల ఆఫీసులో అయిదు రోజులు, పాత కాగితాల ఫోటోలున్న ఫిలిం చుట్టలు తిప్పింది. తెగ జనం లెక్క చూసే సర్కారు అధికారి ఏటేటా రాసిన పాత జాబితాల్లో ఆడవాళ్ళకు పేర్లు లేవు. నాలుగో రోజు, "కీవేటిన్ విధవ" అన్న వరుస కనిపించింది. కీవేటిన్ ఇసబెల్ తండ్రి.

"కూర్చో అమ్మమ్మా, చదువుతాను."

"నిలబడే వింటాలే. జావ అడుగంటుతుంది."

"పద్దెనిమిది వందల తొంభై ఏడు. స్త్రీ ఒకరు, ఆడపిల్ల ఒకరు. పిల్ల మోంటానాలో ఉంది. మంచు పడేలోపు వస్తుందని తల్లి చెప్పింది." కాగితం తిప్పింది. "మరుసటేడూ అదే మాట. ఆ పై ఏడూ అదే. పంతొమ్మిది వందల మూడు. పిల్లను తెచ్చుకుంటానని అనుమతి చీటీ అడిగింది. ఇవ్వలేదు. పంతొమ్మిది వందల తొమ్మిది. పిల్లను జాబితాలోంచి తీసేద్దామన్నాను. తల్లి ఒప్పుకోలేదు."

"ఇరవై నాలుగేళ్ళొచ్చాక కూడా పిల్లేనా?" అన్నాడు లెస్టర్.

"నోర్ముయ్యరా. నీకు యాభై దాటాయి, నీ మేజోళ్ళు ఇంకా నేనే ఉతుకుతున్నాను," అంది అమ్మమ్మ. కానీ గరిటె ఆగిపోయింది. "తొమ్మిదో ఏడంటే నేను పుట్టి రెండేళ్ళు. ఇంకా ఎదురుచూస్తూనే ఉందన్నమాట."

"పంతొమ్మిది వందల పదమూడు. విధవ మరణించింది."

జావ మాడిన వాసన వచ్చింది. అమ్మమ్మ గిన్నె పక్కకు దించింది.

"మా అమ్మ ఇది వినకుండానే పోయింది," అంది.

చీకటి పడే వేళ పెరట్లో నిప్పు చుట్టూ చేరారు. అందరి పేర్లూ అయ్యాక అమ్మమ్మ ఇంకో గిన్నె తీసింది. మాడిన అడుగు తగలకుండా, పైనుంచి జాగ్రత్తగా జావ పోసింది.

"పేరు దొరకలేదు కదే. ఏమని పిలవను?"

అమ్మమ్మే నిప్పు వైపు వంగింది.

"ఇసబెల్ వాళ్ళమ్మా, రా. నీ పిల్ల ఇక్కడే ఉంది."

లెస్టర్ తన గిన్నె చాచాడు.

"ఆగరా," అంది అమ్మమ్మ. "ముందు ఆవిడ తిననీ."