ముట్టుకోకూడని ప్లేటు

సర్వే అమ్మాయి వచ్చేసరికి నేను కిటికీ గట్టు తుడుస్తున్నాను. గుమ్మంలో నిలబడి, "మీ పని అయ్యాక మాట్లాడతానక్కా" అంది. నాకు నవ్వొచ్చింది. ఈ పనికి అవడం అంటూ లేదు. తుడిచి, గుడ్డ పిండి ఆరేసేలోపు మళ్ళీ పడుతుంది. మా క్వార్టరు ఈ వరసలో ఆఖరిది. గోడ అవతల కాస్త దూరంలోనే బెల్టు మలుపు. గనిలో తవ్విన లిగ్నైటు ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి పడేది అక్కడే. అక్కణ్ణుంచి తిన్నగా కరెంటు తయారుచేసే చోటికి పోతుంది. లిగ్నైటంటే పూర్తిగా బొగ్గు కూడా కాదు. మట్టికీ బొగ్గుకీ మధ్య ఎక్కడో ఆగిపోయిన సరుకు. తడిగా ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది. ఆరిందంటే పొడై ఎగురుతుంది. ఎగిరితే మొదటి మజిలీ మా ఇల్లే.

ఆ అమ్మాయి పరిశోధన చేస్తోందట. గని, కరెంటు, అందులో పనిచేసేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళలో గాలి, నీళ్ళు, అన్నీ. చేతిలో ఫారాల కట్ట ఉంది. మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. బెల్టు సెక్షనులో మేస్త్రీ కాబట్టి ఆ జవాబులన్నీ ఆయనే చెప్పారు. ఎన్నేళ్ళ సర్వీసు, ఏ షిఫ్టు, దగ్గు ఉందా లేదా. చివర్లో ఆ అమ్మాయి నా వైపు చూసి, "మరి అక్క ఏం చేస్తారు?" అంది. "మా ఆవిడా? ఏం చేయదు, ఇంట్లోనే" అన్నారాయన. ఆ అమ్మాయి ఆ గడిలో చిన్న గీత పెట్టింది. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.

టీ తాగాక ఆమె సంచిలోంచి అరచేయంత స్టీలు ప్లేటు తీసింది. వెనక ఆరో నంబరు. "ఇలాంటివి ఈ వరసలో ఆరిళ్ళకి ఇస్తున్నానక్కా. మీది మలుపుకి అన్నిటికంటే దగ్గర. మీ ప్లేటే నాకు ముఖ్యం. నెల రోజులు ముట్టుకోవద్దు. తుడవద్దు, జరపద్దు. ఎంత దుమ్ము పడుతుందో పడనివ్వండి. నెల తర్వాత వచ్చి తూకం వేసుకుంటాను." ప్లేటును కిటికీ గట్టు మీద పెట్టింది. సరేనన్నాను. అందులో కష్టమేముంది?

పక్కింటి వెల్డరు భార్యకి ఆ సర్వే మీద చాలా ఆశ. ఆమె కూతురికి ఆరేళ్ళు. పడుకుంటే ఊపిరాడదు, గోడకి జారగిలబడి నిద్రపోతుంది. మలుపు చుట్టూ రేకుల గది కట్టి మూసేయమని ఈ వరసవాళ్ళం నాలుగు అర్జీలు పెట్టాం. ప్రతిసారీ ఒకటే జవాబు, ఆ దుమ్ము బెల్టుదేనని రుజువేమిటని. "ఈసారి రుజువు చేతికొస్తుంది వదినా. నీ ప్లేటు నిండిపోవాలి, అంతే" అనేది ఆమె నవ్వుతూ. ప్లేటు నిండాలని కోరుకోవడం నాకు వింతగా ఉండేది. ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్ళయింది. దుమ్ము పడాలని నేనెప్పుడూ కోరుకోలేదు. అత్తగారు టీవీ మీద వేలితో గీసి, ఆ వేలు నా కళ్ళ ముందు పెట్టేవారు. ఏమీ అనేవారు కాదు. వేలు చూపించి, అది కడుక్కోవడానికి వెళ్ళిపోయేవారు. ఆయన వేలు చూపించరు, అంటారు. "రోజంతా దుమ్ములో చచ్చి ఇంటికొస్తే ఇక్కడా దుమ్మేనా?" ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఏడ్చాను. తర్వాత ఏడవడం మానేసి రోజుకి మూడుసార్లు తుడవడం మొదలుపెట్టాను. పొద్దున్న ఒకసారి, వంటయ్యాక ఒకసారి, ఆయన షిఫ్టు దిగే ముందు ఒకసారి.

నెల తర్వాత ఆ అమ్మాయి ప్లేట్లన్నీ పట్టుకెళ్ళి తూచింది. క్యాంటీను హాల్లో మీటింగు పెట్టారు. ఇంకా ఆఖరి రిపోర్టు కాదు, అంకెలు మాత్రం చదువుతామన్నారు. అయిదు ప్లేట్లలో దుమ్ము ఉంది. ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. ఆరో నంబరులో దాదాపు ఏమీ లేదు. సర్వే అమ్మాయి ఆ అంకె చదివి ఒక్క క్షణం కాగితం వైపే చూస్తూ ఉండిపోయింది. ముందు వరసలో కూర్చున్న ఆఫీసరు లేచాడు. "మలుపు పక్కనే ఉన్న ఇంట్లో దుమ్ము లేదు. దూరంగా ఉన్న ఇళ్ళలో ఉంది. అంటే ఆ దుమ్ము రోడ్డుది, పొయ్యిలది. బెల్టుకి ఏం సంబంధం? ఇంకేం గదులు, ఇంకేం రేకులు?" అన్నాడు. ఎవరో నవ్వారు. వెల్డరు భార్య వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

దారిలో ఆయన హుషారుగా నడిచారు. "మన ఇల్లే అన్నిటికంటే శుభ్రం, చూశావా? ఆఫీసరు నా భుజం తట్టాడు" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నోట మన ఇల్లు శుభ్రం అన్న మాట నేను వినలేదు. నాకు సంతోషమేసింది. వెంటనే ఆ సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మలుపు పక్కన ఉండి దుమ్ము లేకపోవడమేమిటి? పడిందంతా ఏమైంది?

ఇంటికొచ్చేసరికి వెల్డరు భార్య మా గుమ్మంలో ఉంది.

"వదినా, నిజం చెప్పు. ప్లేటు ముట్టుకున్నావా?"

"లేదు."

"ఒట్టు వెయ్యి."

ఒట్టేద్దామని నోరు తెరిచాను. ముట్టుకున్నట్టు గుర్తులేదు. ముట్టుకోనట్టు కూడా గుర్తులేదు. ఆ నెలలో కిటికీ గట్టు మీద ప్లేటుందని తెలుసు. గట్టు మూడుపూటలా తుడిచానని తెలుసు. ప్లేటు చుట్టూ తుడిచానా, ప్లేటుతో సహా తుడిచానా? ఆయన అన్న మాటలు తారీఖులతో సహా చెప్పగలను. అత్తగారు ఏ చీర కట్టుకుని వేలు చూపించారో చెప్పగలను. నా చెయ్యి పొద్దున్న ఏం చేసిందో చెప్పలేను. ఆమె "సరేలే" అని వెళ్ళిపోయింది.

మర్నాడు టీ సాసరు ఒకటి కిటికీ గట్టు మీద పెట్టాను. దీన్ని ముట్టుకోను అని పైకే అనుకున్నాను. వంట చేశాను, బట్టలు ఉతికాను, అత్తగారికి మందులిచ్చాను. సాయంత్రం చూస్తే గట్టు మీద సాసరు లేదు. వెతికితే గిన్నెల బుట్టలో దొరికింది, కడిగి బోర్లించి ఉంది. "అత్తయ్యా, కిటికీలో సాసరు మీరు తీశారా?" అని అడిగాను. "నేనెందుకు తీస్తానమ్మా, నువ్వుండగా?" అన్నారు. రెండోరోజు సాసరు కింద కాగితం పెట్టి 'ముట్టుకోవద్దు' అని రాశాను. ఆ కాగితం మడిచి పప్పు డబ్బా కింద పెట్టి ఉంది. సాసరు తళతళలాడుతోంది. నవ్వాలో భయపడాలో తెలియలేదు. మూడోరోజు గుడ్డ పట్టుకుని గట్టు దగ్గరికి వెళ్ళి నా చేతినే చూస్తూ నిలబడ్డాను. అది ఎడమ నుంచి మొదలైంది. సాసరు దగ్గరికి రాగానే ఆగలేదు. ఎడంచెయ్యి దాన్ని ఎత్తింది, కుడిచెయ్యి కింద తుడిచింది, సాసరు లోపల ఒక్క తిప్పు తిప్పి మళ్ళీ పెట్టేసింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆపు అని కూడా అనుకున్నాను. అనుకునేలోపు అయిపోయింది.

కుర్చీలో కూర్చున్నాను. తప్పు చేశానా? ఎవరైనా తప్పంటే, దుమ్ము తుడవడం తప్పా అని అడగగలను. చేయలేదా? పక్కింట్లో పిల్ల గోడకి ఆనుకుని నిద్రపోతోంది. దానికి గాలి రాకుండా చేసింది బెల్టా, నేనా? నేనింత కష్టపడి తుడిచింది ఎవరి కోసం? ఇంట్లోవాళ్ళ కోసమే అనుకున్నాను. ఆఫీసరు నా ప్లేటునే రుజువుగా చూపించాడు. ఆ ఆఫీసరు కోసం కూడా తుడిచానన్నమాట. తుడవకపోతే మాటలు పడాలి. తుడిస్తే అసలు దుమ్మే లేదంటారు. రెంటికీ మధ్య నేనెక్కడ ఉన్నానో వెతికాను. గుడ్డ పిండే బకెట్ దగ్గర తప్ప ఎక్కడా కనిపించలేదు.

ఆయన రాగానే చెప్పాను. చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆగిపోయారు.

"తుడిచావా? ఎన్నిసార్లు?"

"తెలీదండీ. రోజూ అనుకుంటా."

"చదువుకున్న పిల్ల ఒక్క పని అప్పజెప్పింది. ఏమీ చేయకుండా ఉండటం. అదీ చేతకాలేదా నీకు?"

"చేతకాలేదు. రేపెళ్ళి చెప్తాను."

"ఎవరికి? ఏమని? ఊరుకో. దుమ్ము ఉందని తేలితే ముందు నిలబెట్టేది నన్ను. మలుపు దగ్గర దుమ్ము లేవకుండా తడిపే నీళ్ళ గొట్టాలు ఎందుకు తెరవలేదని అడుగుతారు."

"ఎందుకు తెరవలేదు?"

ఈ ప్రశ్న ఇంతకుముందెప్పుడూ అడగలేదు. ఆయన కూడా నేను అడుగుతాననుకోలేదు. "తడిస్తే బెల్టు జారుతుంది. జారితే ఆపాలి. ఆపితే పైనుంచి ఫోనొస్తుంది. నీకవన్నీ అర్థం కావు" అన్నారు. అని దగ్గారు. ఆ దగ్గు కొత్తది కాదు. ఫారంలో మాత్రం 'లేదు' అని రాయించారు. లోపల్నుంచి అత్తగారు, "వాడి ఉద్యోగానికి ఎసరు పెట్టకమ్మా" అన్నారు. ఆయనకి భయంగా ఉందని మొదటిసారి తెలిసింది. ఆయన మీద జాలి కలిగింది. కోపం కూడా వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

మర్నాడు వంట ముగించి, అత్తగారికి భోజనం పెట్టి, సర్వేవాళ్ళ గదికి వెళ్ళాను. ఆస్పత్రి వెనక రెండు గదులు. ఆ అమ్మాయి సీసాలు కడుగుతోంది. బల్ల మీద అద్దాల పెట్టెలో చిన్న తక్కెడ.

"మీ ప్లేటు నేను తుడిచానమ్మా" అన్నాను.

ఆమె కుళాయి కట్టేసింది. "ఆ ప్లేటు మూడుసార్లు తూచానక్కా. తక్కెడ చెడిపోయిందనుకున్నాను. మా సారు నన్నే తిట్టారు, ప్లేటు మార్చేసి ఉంటావని" అంది. కోప్పడుతుందేమోనని నిలబడే ఉన్నాను. ఆమె స్టూలు జరిపి నన్ను కూర్చోమంది. తనూ కూర్చుంది.

"రోజుకి ఎన్నిసార్లు తుడుస్తారు?"

"మూడు."

"ఎంతసేపు?"

"ఎప్పుడూ చూసుకోలేదు."

ఆమె తల దించుకుని ఆలోచించింది. "ఆ అంకె కొట్టేస్తాను. ఆఖరి రిపోర్టుకి ఇంకా వ్యవధి ఉంది. మళ్ళీ నెల రోజులు పెడదాం. ఈసారి కిటికీ బయట, మీ చేతికి అందనంత ఎత్తులో."

"బయటి గాలి కాదుగా మేం పీల్చేది."

"అవును, లోపలే కావాలి. మరి దాన్ని తుడవకుండా ఉండగలరా?"

"ఉండలేను. నా చేతి మీద నాకు నమ్మకం లేదు. అన్నీ తుడిచి ఆ ఒక్కటీ వదలడం దానికి తెలీదు."

"మరెలా అక్కా?"

ఎలాగో నాకూ అప్పటిదాకా తెలియదు. ఆమె అడిగింది, నేను చెప్పేశాను. చెప్పాక అది నా మాటేనా అని చూసుకున్నాను.

"గుడ్డ ఇంట్లోంచి తీసేస్తాను. నెల రోజులు ఏదీ తుడవను. గట్టు, టీవీ, మంచాలు, ఏదీ."

ఆ అమ్మాయి నన్ను తేరిపార చూసింది. "ఇంట్లో ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోరు" అన్నాను.

ఆమె లేచి బీరువాలోంచి కొత్త ప్లేటు తీసింది. వెనక నంబరు రాయడానికి పెన్ను మూత విప్పింది.

"రెండివ్వమ్మా" అన్నాను. "రెండోది మా ఆయన తలగడ పక్కన పెడతాను."