చేతికి తెలియని గరుకు

ఆ వడ్రంగి షెడ్డులో పలకల్ని నునుపు చేసే పెద్ద చిత్రిక మిషను దగ్గర ఇద్దరే పనిచేసేవారు. అన్న ఇటువైపు నుంచి పలకను తోస్తే, చెల్లెలు అటువైపు అందుకునేది. ఇరవై రెండేళ్లుగా అదే వరస. చెక్కలో పోగు ఎటు వాలిందో చూసుకుని, ఆఖరి విడతలో కాగితమంత పొర మాత్రమే లేచేట్టు నిదానంగా పంపేవాడాయన. బయటికొచ్చిన పలకను కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరేవాడు. ఆయన బాగుందన్నాక ఇక తిరుగులేదు.

షుగరు ముందు ఆయన పాదాల్ని మొద్దుబార్చింది. చెప్పు ఊడిపోయినా తెలియక నాలుగడుగులు నడిచేవాడు. తర్వాత వేళ్లకు పాకింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఆయన బాగుందన్న పలక మీద చెల్లెలు చెయ్యి వేస్తే, అడ్డంగా సన్నటి అలలు తగిలాయి. ఆయన భోజనానికి వెళ్లగానే గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసింది. అలా ఏడు నెలలు గడిచాయి.

ఆమె జ్వరంతో మూడు రోజులు మంచం పట్టినప్పుడు, లైబ్రరీ బల్లల పలకలు ఆమె చెయ్యి పడకుండానే వెళ్లిపోయాయి. వారానికి అన్నీ తిరిగొచ్చాయి.

"పాలిష్ వెయ్యగానే చారలు తేలాయి మేస్త్రిగారూ. అసలు మీ పనేనా అనిపించింది," అన్నాడు తెచ్చినతను.

అన్న పలకను నిమిరాడు. "గరుకెక్కడుందండీ? అద్దంలా ఉంటే!"

అతను ఇబ్బందిగా చెల్లెలి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. అన్నకు అంతా అర్థమైంది. అతను వెళ్లాక అడిగాడు.

"ఎన్నాళ్ల నుంచి సర్దుతున్నావు?"

"ఏడు నెలలైంది."

"నాతో చెప్పొచ్చు కదే."

"నువ్వు చెప్పావా అన్నయ్యా?"

ఆయన మిషనుకు వేసే కొత్త బ్లేడ్లు తీసి ఆమె చేతికిచ్చాడు. ఆ రోజు ఆమె తోసింది, ఆయన అందుకున్నాడు.

"బాగానే వచ్చింది," అందామె మొదటి పలక నిమిరి.

"బాగానే అంటే కుదరదు. చివర పల్లం పడిందేమో చూడు."

పడింది. మళ్లీ పంపింది. సాయంత్రానికి పలకలన్నీ నిగనిగలాడాయి, ఒక్కటి తప్ప. దాని మీద పొడుగ్గా ఎర్రటి మరక.

"ఇదెవరి రక్తమే?" అన్నాడాయన.

ఆమె ఆయన అరచెయ్యి తిప్పి చూపించింది. పలక అంచు నుంచి లేచిన సన్నటి చెక్కపేడు లోతుగా దిగబడి ఉంది. ఆమె దాన్ని లాగుతుంటే, పరాయివాళ్ల చేతిని చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

"నొప్పిగా ఉందా?"

"ఉంటే ఎంత బాగుండేది," అన్నాడు. కట్టు కట్టించుకుని, షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మర్నాడు మరక పోవాలంటే ఆ పలకను ఇంకొక్కసారి పంపాల్సి వచ్చింది. అందుకునే మనిషి లేడు. ఆమె ఇటు నుంచి తోసి, అది కింద పడేలోపు పరుగున అటువైపు వెళ్లి తనే పట్టుకుంది.