నిలబడి చేసే పని

"ఏం తిన్నావే, మొహం అలా పెట్టావ్?" అంది వదిన, మిషను ఆపకుండానే.

"నాలుగు ముద్దలే వదినా. వంగి కుట్టగానే గొంతుదాకా పుల్లగా ఎగదన్నింది. కడుపులో బిడ్డకి చోటిచ్చిన దేవుడు నా అన్నానికి చోటివ్వడం మరిచిపోయినట్టున్నాడు."

వదిన పడీపడీ నవ్వింది. ఆమె మరదలి భర్తకు సొంత అక్క. ఈ కుట్టుపని దుకాణంలో చేర్పించింది ఆమే. అందుకే ఏడో నెలలో మొదలైన ఛాతీమంట సంగతి మరదలు అత్తగారికంటే ముందు ఆమెకే చెప్పుకుంది. డాక్టరమ్మ మాటలూ పూసగుచ్చినట్టు చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట పైమూత వదులవుతుందట, పెరిగే బిడ్డ కిందినుంచి నెడుతుందట. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, తినగానే పడుకోకూడదు, పడుకున్నా తలవైపు ఎత్తు ఉండాలి, ఎవరో చెప్పిన మాత్రలు మింగకూడదు. ముఖ్యంగా తిన్నాక వంగకూడదు.

దుకాణంలో రోజంతా వంగకుండా చేసే పని ఒక్కటే. కటింగ్ మాస్టరు మానేశాక ఎత్తుబల్ల ఖాళీగా ఉంది. నిటారుగా నిలబడి గుడ్డ కత్తిరించవచ్చు. కత్తెర మరదలి చేతిలో చెప్పిన మాట వినేది. కాన్పుదాకా పని మానకుండా ఉండాలంటే అదే దారి.

"యజమానితో ఓ మాట చెప్పు వదినా."

"నేను చూసుకుంటాగా."

ఆ రాత్రి ప్రార్థనలో వదిన పేరు కూడా కలుపుకుంది.

సోమవారం వెళ్ళేసరికి బల్ల దగ్గర వదిన ఉంది, మెడలో టేపు వేసుకుని.

యజమాని తల గోక్కున్నాడు. "నిలబడితే నీకు కళ్ళు తిరుగుతున్నాయట కదమ్మా. మీ వదినే చెప్పింది."

ఆమెకు ఏనాడూ కళ్ళు తిరగలేదు. బల్ల దగ్గరికి వెళ్ళింది.

"నిలబడితేనే నాకు హాయి అని నీకొక్కదానికే చెప్పాను వదినా."

వదిన సుద్దగీత మీంచి తలెత్తలేదు. "నాదీ నడుమే కదే. ఇన్నేళ్ళుగా వంగుతున్నాను."

అది అబద్ధం కాదు. కానీ నోరు తెరిచి అడిగితే ఇద్దరూ వంతులు వేసుకునేవాళ్ళమే కదా? దేవుడు ఎవరి నొప్పి పక్షాన ఉంటాడో ఆమెకు తేలలేదు. నమ్మిన మనిషి చేసిన పని మాత్రం మంటకంటే పైకి ఎగదన్నింది.

యజమాని వైపు తిరిగింది. "నాకు కళ్ళు తిరగవండీ. తిన్నాక కాసేపు మిషను ముందు కూర్చోబెట్టకండి, ఆ కాసేపూ నిలబడి ఇస్త్రీ చేస్తాను. ఇకమీదట నా ఒంటి సంగతి నన్నే అడగండి."

ఆయన వదిన వైపు చూసి, "అలాగేనమ్మా" అన్నాడు.

వదిన కత్తెర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.