మెడ చుట్టూ రెండు చేతులు

గురజాల నుంచి నరసరావుపేటకు ప్రతి గురువారం బస్సెక్కడం నాగవేణికి మూడేళ్లుగా అలవాటు. చంకలో ఏడేళ్ల కూతురు సరిత. పుట్టినప్పుడు ఊపిరందక మెదడు దెబ్బతిన్న పిల్ల. నడవదు, మాట్లాడదు. ఎత్తుకుంటే రెండు చేతులూ కిందికి వేలాడుతుంటాయి.

అక్కడి థెరపీ సెంటర్ వాళ్లు ఇన్నాళ్లూ ఫైల్లో ఏం రాసుకుంటే అదే చేయించారు. పెన్సిల్ పట్టించడం, గోడ ఆసరాతో నిలబెట్టడం. నాగవేణి కింద సంతకం పెట్టి వచ్చేది. ఈసారి కొత్తగా చేరిన రోహిణి మేడం ఖాళీ కాగితం తీసింది.

"వచ్చే మూడు నెలల్లో సరితకు ఏం రావాలని మీకుంది? చెప్పండమ్మా, రాస్తాను."

నాగవేణి తెల్లబోయింది. "మాకేం తెలుసు మేడం! మీరు చదువుకున్నోళ్లు."

"పిల్లను రోజంతా చూసేది మీరేగా."

నాపరాళ్ల లారీ నడిపే భర్త సాయిబాబు ఫోన్ చేసినప్పుడల్లా "ఎప్పుడు నడిచిద్ది?" అనే అడుగుతాడు. అదే చెబుదామనుకుంది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మా ఆడపడుచు పిల్ల ఎత్తుకోగానే మెడ పట్టుకుంటది. నా పిల్లని ఏడేళ్ల నుంచీ నేనే పట్టుకుంటన్నా మేడం. ఒక్కసారి అది నన్ను పట్టుకోవాల." వెంటనే సిగ్గుపడింది. "ఇది రాసేది కాదులే."

రోహిణి రాసింది.

ఆ రోజు నుంచి నాగవేణి ఎత్తుకునే ముందు ప్రతిసారీ పిల్ల చేతులు తన భుజాల మీద పెట్టుకునేది. అవి జారిపోయేవి. మళ్లీ పెట్టేది. రెండు నెలలు అంతే.

మూడో నెల ఒకనాటి పొద్దున జడ వేసి ఎత్తుకోబోతుంటే, సరిత ఎడమ చెయ్యి తల్లి మెడ వెనక్కి వచ్చి జాకెట్టు అంచు పట్టుకుంది. నాగవేణి లేవలేదు. కదిలితే వదిలేస్తుందేమోనని, నడుము పీకుతున్నా వంగే ఉండిపోయింది.

సాయంత్రం సాయిబాబుకు ఫోన్లో చెప్పింది.

"నన్ను గూడా పట్టుకుంటదా?"

"నువ్వు ఇంటికాడ ఉంటేగా మావా!"

ఆదివారం వచ్చాడు. కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని పిల్ల చేతులు తన భుజాల మీద పెట్టుకున్నాడు. జారిపోయాయి. మళ్లీ పెట్టుకున్నాడు. సోమవారం ఓనరు ఫోన్ చేస్తే, "ఈ రెండ్రోజులు లోడుకు రానన్నా, ఇంటికాడ పనుంది" అన్నాడు.