నవ్విన పాపానికి

ఆదోని ఆసుపత్రి మగోళ్ల వార్డులో ప్రమీల సిస్టర్ నోరు తెరిచిందంటే పొట్ట పట్టుకోని నవ్వాల్సిందే. రోజూ చావులు చూసే చోట నవ్వకుండా ఎట్లా బతుకుతారప్పా, నర్సులు మాత్రం మనుషులు కారా?

ఆ పొద్దున ఎమ్మిగనూరు మగ్గం పనాయన మార్కండేయులుకు ఎగశ్వాస పట్టుకుంది. అట్లాంటప్పుడు ఇంటోళ్లను మంచం కాడ నిలబెట్టరు. ఆయన భార్య రుద్రమ్మను ప్రమీలే బయటికి పంపి, డాక్టరు కోసం పరుగెత్తింది. డాక్టరు వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకున్నది కొత్తగా చేరిన నర్సు చందన. వచ్చినాక గుండె మీద ఒత్తినారు, సూదులేసినారు. మనిషి దక్కలేదు.

చందన చూసిన మొదటి చావు అది. డ్రెస్సింగ్ రూములో కూలబడి, "నాకీ ఉద్యోగం వద్దక్కా, ఇంటికి పోతాను" అని ఒకటే ఏడుపు. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఈ పిల్ల ఇప్పుడు తేరుకోకుంటే ఇంకెప్పటికీ వార్డులో అడుగు పెట్టదు అనుకుంది ప్రమీల. బొరుగుల ఉగ్గాని ఒక ముద్ద ఆ పిల్ల నోట్లో పెట్టి, పెద్ద డాక్టరు కళ్లజోడు నెత్తిన పెట్టుకోని దానికోసమే వార్డంతా వెతుకులాడే తీరు నడిచి చూపించింది. చందన ఆపుకోలేక పక్కున నవ్వింది.

తలుపు కాడ రుద్రమ్మ నిలబడి ఉంది.

"మా ఆయప్ప కడాకు పోయేటప్పుడు ఏమన్నా అన్నాడేమో అడుగుదామని వచ్చినా. నవ్వుకుంటాండారు. నవ్వుకోండమ్మా" అని వెనక్కి తిరిగింది.

చందన అడ్డం పోయింది. "అన్నాడమ్మా! 'రుద్రి యాడ, రుద్రిని పిలువు' అని మళ్లీ మళ్లీ అన్నాడు. నా చెయ్యి నీ చెయ్యే అనుకున్నాడు."

రుద్రమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. పాపం, నమ్మాలనే ఉంది ఆ తల్లికి.

"ఇన్నేండ్ల కాపురంలో ఒక్కనాడన్నా నన్ను పేరు పెట్టి పిలిచినోడు కాదు" అనింది. "నా పేరు కేసు షీట్లో చూసింటావు." ప్రమీల వైపు తిరిగింది. "నువ్వు విన్నావా సిస్టరమ్మా?"

ఎన్ని మాటలు పుట్టించే నోరు! డాక్టరు కోసం పోయినామె ఏమీ వినలేదు, అయినా 'విన్నా' అనే ఆ ఒక్క అబద్ధం రాలేదు.

"మీ నవ్వు కప్పిపెట్టుకునేకి సచ్చినోని మీద అబద్ధాలెందుకమ్మా" అని, రుద్రమ్మ శవం ఎక్కించిన బండి కాడికి పోయింది.

"ఆయన నిజంగానే అన్నాడక్కా. నేను నవ్వకుండా ఉండింటే నమ్మేది గదా" అనింది చందన.

రుద్రమ్మను బయటికి పంపింది ప్రమీలే. ఈ పిల్లను నవ్వించిందీ తానే.